1958 నాటి రశీదు ఏది?

భూటాన్ శరణార్థులు మాట్లాడేది నేపాలీయే కాబట్టి నేపాల్‌లోనే కలిసిపోవాలని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. తాతల కాలం నుంచి దక్షిణ భూటాన్‌లో సేద్యం చేసుకున్న కుటుంబాలవి. 1988 జనాభా లెక్కలప్పుడు, పౌరులమని రుజువు చేయడానికి 1958 నాటి పన్ను రశీదు చూపించమన్నారు. ముప్పై ఏళ్ల కిందటి చీటీ ఎంతమంది రైతుల ఇళ్లలో భద్రంగా ఉంటుంది? అది లేనివాళ్లను పరాయివాళ్లుగా లెక్కగట్టారు. దేశం వదిలాక తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ శిబిరాల్లో వెదురు గుడిసెలే గతయ్యాయి. అయినా అక్కడి బడుల్లో పిల్లలకు భూటాన్ జాతీయ భాష జోంఖా నేర్పించారు. కలిసిపోవాలనుకునేవాళ్లు చేసే పనేనా అది? తర్వాత లక్ష మందికి పైగా అమెరికా, ఇతర దేశాలకు వెళ్లారు. 2025లో అమెరికా కొందరిని భూటాన్‌కు తిప్పి పంపితే, భూటాన్ వాళ్లను మళ్లీ బయటకు పంపేసింది. నేపాల్ చేరినవాళ్లలో కొందరిని అక్కడి పోలీసులు పట్టుకున్నారు. వ్యాసంలో ఈ సంగతి రాయకపోవడం అన్యాయం.