ఆండాళ్ పేరు చెప్పి సహనం నేర్పకండి

“ప్రతి ఆడపిల్లా చదవవలసిన నవల చెప్పే ఐదు సత్యాలు” అన్న సందేశం కొంతకాలంగా ఫోన్ల మధ్య తిరుగుతూనే ఉంది. పంపుతున్నవారిలో బంధువులున్నారు, పాత సహోద్యోగులున్నారు, తరగతి గదుల్లో ప్రబంధాలు పాఠం చెప్పిన మిత్రులు కూడా ఉన్నారు. నా విసుగులో పెద్ద వాటా ఈ చివరివారిదే, ఎందుకంటే అందులో ఏ పేరును ఎక్కడ తప్పుగా వాడారో వారికి తెలుసు. తెలిసి కూడా చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి ముందుకు తోస్తున్నారు.

ప్రేమనూ దైవవిశ్వాసాన్నీ కలిపి అల్లిన ఒక నవలను ఆ సందేశం ఆకాశానికెత్తుతుంది. నవల పేరు గానీ రచయిత పేరు గానీ ఇవ్వదు, కథను మాత్రం నాలుగు వాక్యాల్లో చెబుతుంది. ప్రేమించి పెళ్ళాడినవాడు తాగుబోతవుతాడు, భార్య నగలు అమ్ముకుంటాడు, ఆమెపై చేయి చేసుకుంటాడు. ఆమె నోరెత్తకుండా నిత్యపూజ చేసుకుంటుంది. చివరి అధ్యాయంలో అతడు గుడిమెట్ల మీద ఏడ్చి ఆమె పాదాలు పట్టుకుంటాడు. దీని నుంచి పిండిన సత్యాలు ఇవి: ఒకటి, ప్రేమా భక్తీ ఒకటే, మన భక్తకవులందరూ చెప్పింది అదే. రెండు, దేవుడు ప్రతివారికీ ఒక జంట ఆత్మను ముందే నిర్ణయించాడు, ఇది ఉపనిషద్వాక్యం. మూడు, ఆండాళ్, అక్క మహాదేవి, మీరా చూపినట్టు నిజమైన ప్రేమ అంటే సహనం. భక్తురాలి ప్రేమ ఎంతటి కఠినుణ్ణయినా మారుస్తుంది. నాలుగు, తెలుగు నవల పుట్టిందే ఇలాంటి ప్రేమభక్తి కథతో. అయిదు, ఈ ఒక్క నవల చదివితే వంద గ్రంథాలు పారాయణ చేసినంత ఫలం.

అయిదో సత్యానికి జవాబు అక్కరలేదు. వంద గ్రంథాల్లో ఒక్కటి చదివినవారు కూడా ఆ వాక్యం రాయరు. నాలుగోది చదువుతున్నప్పుడు కందుకూరి వీరేశలింగం గారి ముఖం ఊహించుకున్నాను. మొదటి నవలగా మనలో చాలామంది ఎంచే ఆయన రాజశేఖర చరిత్రము 1878లో ఆయన పత్రిక వివేకవర్ధినిలో వెలువడింది. బంగారం చేసి ఇస్తానన్న దొంగ యోగిని నమ్మి ఉన్న సొత్తు పోగొట్టుకున్న గృహస్థు కథ అందులో ఉంది, జ్యోతిషాల మీదా శకునాల మీదా చురకలున్నాయి. భక్తి పేరిట జరిగే మోసాన్ని ఎండగట్టిన పుస్తకాన్ని ప్రేమభక్తి కథ అనడానికి ధైర్యం కావాలి, లేదా ఆ పుస్తకం తెరవకుండా ఉండాలి.

రెండో సత్యం దగ్గర మాత్రం నేను కొంత దిగి రావలసి ఉంది. రెండు సగాల కథ అనగానే చాలామంది ప్లేటో వైపు చూపిస్తారు. ఆయన రాసిన సింపోజియం అనే సంభాషణలో అరిస్టోఫనీస్ చెప్పే ఆ కథలో గ్రీకుల దేవుడు జ్యూస్ మనుషులను నిలువునా కోస్తాడు, అప్పటినుంచి ప్రతి సగమూ తన రెండో సగం కోసం వెతుకుతూ ఉంటుంది. సందేశం రాసినవారు అక్కడినుంచి ఎత్తి ఉపనిషత్తుకు అంటగట్టారని కొట్టిపారేయడం నాకూ సులువే, కానీ అది న్యాయం కాదు. బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలో, ఒంటరిగా సంతోషించలేకపోయిన ఆదిపురుషుడు తన దేహాన్ని రెండుగా చేయగా పతీపత్నులు ఏర్పడ్డారనీ, అందుకే మనం ఒక్కొక్కరం సగం బద్ద వంటివారమని యాజ్ఞవల్క్యుడు అన్నాడనీ ఉంది. కాబట్టి “ఉపనిషత్తులో ఉంది” అన్న మాట పూర్తిగా గాలి మాట కాదు. అయితే అక్కడ ఉన్నది సృష్టి ఎలా మొదలైందన్న వర్ణన. ఫలానా వీధిలో ఉండే ఫలానా అబ్బాయి నీ సగమని, అతణ్ణి విడిచిపెడితే దైవనిర్ణయాన్ని ధిక్కరించినట్టని ఆ వాక్యంలో ఎక్కడా లేదు. పైగా ఆ మాట చెప్పిన యాజ్ఞవల్క్యుడికి మైత్రేయి, కాత్యాయని అని ఇద్దరు భార్యలు. ఇద్దరిలో ఆయన రెండో సగం ఎవరో, మిగిలినావిడ ఎవరి సగమో ఈ జంట ఆత్మల శాస్త్రవేత్తలే తేల్చాలి. అదే ఉపనిషత్తులో ఆయన ఇల్లు విడిచి వెళ్ళబోతూ మైత్రేయికి చెప్పిన మాట, భర్త కోసం భర్త ప్రియమైనవాడు కాడు, ఆత్మ కోసమే అతడు ప్రియమైనవాడవుతాడు అని. ఆ వాక్యాన్ని ఈ సందేశంలో చేర్చి ఉంటే మూడో సత్యం అక్కడికక్కడే కూలిపోయేది.

ఇక మొదటిది. ప్రేమా భక్తీ ఒకటేనని మన కవులందరూ చెప్పారా? నారద భక్తిసూత్రాలు భక్తిని పదకొండు ఆసక్తులుగా చెబుతాయి. వాటిలో కాంతాసక్తి, అంటే ప్రియురాలి ప్రేమ, ఒకటి. దాస్యం ఉంది, సఖ్యం ఉంది, వాత్సల్యం ఉంది, పరమవిరహం ఉంది. ప్రియురాలి ప్రేమ భక్తికి ఒక దారి అని సూత్రకారుడు ఒప్పుకున్నాడు, ఉన్న దారి అదొక్కటేనని అనలేదు. అన్నమయ్య వంశీకులైన తాళ్లపాక వారు కీర్తనలు చెక్కించిన రాగిరేకులు చూసినా ఆధ్యాత్మ సంకీర్తనలు వేరుగా, శృంగార సంకీర్తనలు వేరుగా చెక్కించి ఉన్నాయి. శృంగారమే సంఖ్యలో ఎక్కువ అయినా అన్నమయ్య వంశం ఆ రెంటినీ ఒకే గంపలో వేయలేదు. ఇంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. ఆ కీర్తనల్లో నాయకుడు వేంకటేశ్వరుడు, క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు. అంటే ప్రేమ అక్కడ దేవుడి వైపు నడుస్తుంది. ఈ సందేశంలో దేవుడి పీఠం మీద మొగుణ్ణి కూర్చోబెట్టి, దేవుడికి చేయవలసిన శరణాగతిని అతడికి చేయమంటున్నారు. దిశ మార్చేసి కూడా అన్నమయ్య సాక్ష్యం తనకే కావాలంటే ఎలా?

మూడో సత్యం దగ్గరికి వస్తే నా ఓపిక అయిపోయింది. సహనానికి సాక్షులుగా పిలిచిన ముగ్గురినీ వరసగా చూద్దాం. మనుషులకు తనను ఇస్తామన్న మాట వినిపిస్తే బతకనని నాచ్చియార్ తిరుమొళి అనే తన పాటల్లో పాడింది ఆండాళ్, మన గోదాదేవి. పెళ్ళంటూ చేసుకుంటే రంగనాథుణ్ణే చేసుకుంటానని పట్టుబట్టి గెలిచిన ఆ పిల్ల కథనే రాయలవారు ఆముక్తమాల్యదగా రాసుకున్నారు. పన్నెండో శతాబ్దపు కన్నడ శివభక్తురాలు అక్క మహాదేవి కథలో ఒక పాఠం ప్రకారం కౌశికుడనే రాజు పెళ్ళికి ఆమె పెట్టిన షరతులు తప్పాడు. ఆమె అతడు మారాలని వ్రతం పట్టిందా? కట్టుబట్టలు కూడా వదిలేసి శ్రీశైలం దారి పట్టింది. చచ్చి చెడిపోయే మొగుళ్ళను తీసుకుపోయి పొయ్యిలో పెట్టమన్న అర్థంతో ఆమె వచనకవితే ఒకటి ఉంది. సందేశకర్తలు దయచేసి దాన్ని కూడా ఒక పువ్వు బొమ్మతో పంపగలరు. మేవాడ్ రాచకుటుంబం పెట్టిన బాధలు భరిస్తూ మీరా అంతఃపురంలో కూర్చోలేదు. విషపు గిన్నె వచ్చిందని సంప్రదాయం చెప్పే ఆ ఇల్లు విడిచి తన గిరిధరుడి ఊళ్ళ వైపు వెళ్ళిపోయింది. ఒకరు పెళ్ళి వద్దన్నారు, ఇద్దరు ఇల్లు దాటారు. సహించి, మొగుణ్ణి మార్చుకుని, గుడిమెట్ల మీద కాపురం చక్కబెట్టుకున్నవారు ఈ ముగ్గురిలో ఎవరో నాకు చూపించండి.

పురాణాల్లో సహనం లేదని నేను వాదించబోవడం లేదు. కుష్ఠురోగి అయిన మొగుణ్ణి అతడు కోరిన వేశ్య ఇంటికి స్వయంగా మోసుకువెళ్ళిన సుమతి కథ మనకు ఉంది, దాన్ని పాతివ్రత్యానికి పరాకాష్ఠగా తరతరాలు చెప్పుకున్నారు కూడా. సందేశం ఆమెను సాక్షిగా పిలిచి ఉంటే, మన సంప్రదాయం అలా చెప్పలేదు అనే జవాబు నా దగ్గర ఉండేది కాదు. ఆ కథతో నాకు పేచీ ఉందని మాత్రమే చెప్పగలిగేవాణ్ణి. కానీ పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఊహించడం కష్టం కాదు. మొగుణ్ణి మోస్తున్న సుమతిని చూపిస్తే ఇవాళ్టి ఇరవై ఏళ్ళ అమ్మాయి ఫోను పక్కన పడేస్తుంది, మీరా తంబురా చూపిస్తే ఆగి చదువుతుంది. చెప్పదలచుకున్నది సుమతి పాఠం, తగిలించిన బొమ్మ మీరాది.

శృంగారభక్తి కావ్యాల్లో ప్రియురాలు ఏం చేస్తుందో కూడా చూడండి. నంది తిమ్మన పారిజాతాపహరణంలో పారిజాతం పువ్వు రుక్మిణికి దక్కిందని తెలిసిన సత్యభామ, తన కాళ్ళ మీద పడ్డ కృష్ణుడి తలను ఎడమకాలితో తోసేస్తుంది. ఆయన దాన్ని మన్ననగా స్వీకరిస్తాడు. జయదేవుడి గీతగోవిందంలో కృష్ణుడు రాధను నీ పాదం నా తలమీద పెట్టమని వేడుకుంటాడు. ఆ మాట రాయడానికి కవి జంకితే కృష్ణుడే వచ్చి పూర్తిచేశాడని ఐతిహ్యం. క్షేత్రయ్య పదాల్లో వేరొకరి ఇంటి నుంచి వచ్చిన మువ్వగోపాలుడికి తలుపు దగ్గరే ఎత్తిపొడుపులు ఎదురవుతాయి. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన కావ్యం పేరే రాధికాసాంత్వనము, అంటే అలిగిన రాధను కృష్ణుడు బుజ్జగించడమే విషయం. ఈ పుస్తకాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, పెద్దమనుషులు అసభ్యమన్నారు, బ్రిటిష్ ప్రభుత్వం 1911లో నిషేధించింది, 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. రాధ కోపం అచ్చులోకి రావడానికి అంత యుద్ధం చేయవలసి వచ్చిన భాషలో, నోరెత్తని భార్య కథకు మాత్రం ఏ అడ్డూ లేకుండా చేతులు మారే వీలుంది. మన కవుల దేవుడు ప్రియురాలి కోపానికి భయపడేవాడు. ఈ నవలలోని మొగుడు దేనికీ భయపడనక్కరలేదు, అతడి తరఫున ఆమే మొక్కుకుంటుంది.

సాహిత్యం సంగతి పక్కన పెడదాం. ఇంట్లో హింస ఎలా సాగుతుందో దగ్గరగా చూసినవారికి ఒక విషయం తెలుసు: చాలా ఇళ్ళలో కొట్టడం తర్వాత ఏడుపు వస్తుంది, క్షమాపణ వస్తుంది, కొన్నాళ్ళ ప్రశాంతత వస్తుంది, ఆ తర్వాత మళ్ళీ చేయి లేస్తుంది. ఆ మధ్య విరామాన్ని పూజాఫలంగా చదువుకోమని నేర్పేది ఈ మూడో సత్యం. అతడు ఏడ్చిన ప్రతిసారీ ఆమెకు తన ప్రార్థన ఫలించినట్టే కనిపిస్తుంది. మళ్ళీ కొడితే తన భక్తిలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది. గెలిస్తే దేవుడి దయ, ఓడితే ఆమె తప్పు. ఇక ఈ లెక్కలో అతడు జవాబు చెప్పుకోవలసిన చోటు ఎక్కడుంది? దీనికి రెండో సత్యాన్ని జోడించండి, అతడు దేవుడు నిర్ణయించిన జంట ఆత్మ కూడా అయ్యాడు, కనుక పుట్టింటికి వెళ్ళడం దైవద్రోహం. నవలా రచయితకు చివరి అధ్యాయం తన చేతిలో ఉంటుంది కాబట్టి అతణ్ణి గుడిమెట్ల దాకా నడిపించగలడు. సందేశం అందుకున్న అమ్మాయికి ఆ సౌకర్యం లేదు.

ఇంకో సంగతి. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కొట్టడమే కాదు, మాటలతో మనసును హింసించడమూ, స్త్రీధనాన్ని కాజేయడమూ గృహహింసే. అంటే ఈ నవల మూడో అధ్యాయానికే కథానాయిక ఆ చట్టం కింద ఉండే రక్షణాధికారి దగ్గరికి వెళ్ళవచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు, మేజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో నివసించే హక్కు కోరవచ్చు. అప్పుడు నవల పొట్టిదవుతుందని బాధపడేవారికి నా సానుభూతి. ఆమె పూజ మానాలని నేను అనడం లేదు, దరఖాస్తు మీద సంతకం చేసి వచ్చి కూడా దీపం పెట్టుకోవచ్చు.

“అది నవలే కదా, ఇంత రాద్ధాంతం దేనికి” అని ఒక మిత్రుడు ఇప్పటికే అడిగారు. నవలతో నాకు తగవు లేదు. ఓర్చుకునే స్త్రీని కథానాయికగా చేసే స్వేచ్ఛ రచయితకు ఉంది, ప్రేమకూ విశ్వాసానికీ మధ్య నలిగే మనసు కంటే నవలకు మంచి వస్తువు దొరకడం కూడా కష్టమే. ఆ పుస్తకం దొరికితే చదువుతాను, బహుశా నచ్చవచ్చు కూడా. తగవంతా, కథను తీసి సలహాగా మార్చి, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలియకుండానే ఆడపిల్లలకు పంపడంతోనే. పంపడం మానలేనివారికి ఒక మధ్యేమార్గం చెబుతాను. రెండో సత్యాన్నీ మూడో సత్యాన్నీ తీసేసి మిగిలిన మూడూ పంపుకోండి. అవి కూడా తప్పులే, కానీ ఆ తప్పుల వల్ల ఎవరికీ దెబ్బలు తగలవు.