ఆ వేలిముద్ర దేనికో ఆమెకు చెప్పిండ్రా?

మొన్న నల్లగొండలో ఒక స్కానింగ్ సెంటర్ బెంచీ మీద ఒక పెద్దమ్మ కూసుని ఉంది, దేవరకొండ దిక్కు తండా నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది, కడుపునొప్పికి సీటీ స్కాన్ రాసిచ్చారట. కౌంటర్ పిల్లగాడు రెండు పేజీల ఇంగ్లీషు కాగితం ముందర పెట్టి ఇంకు ప్యాడ్ జరిపిండు, ఆమె వేలిముద్ర వేసి కొంగుకు తుడుచుకుంది. దేనికమ్మా అని మేం అడిగితే "ఏమో బిడ్డా, పెట్టమన్నరు పెట్టిన" అంది. ఆ కాగితంలో ఉన్నది కాంట్రాస్ట్ ఇంజెక్షన్ సంగతి, అంటే స్కాన్‌లో లోపలి భాగాలు మంచిగ కనపడేందుకు ఎక్కించే మందు, ఎలర్జీ రావొచ్చు, కిడ్నీలు మంచిగ లేనోళ్లకు ఇబ్బంది కావొచ్చు అని. షుగర్ ఉందా, కిడ్నీ టెస్ట్ అయిందా అని మాత్రం ఆమెను ఎవ్వరూ అడగలే.

దీన్ని కన్సెంట్, అంటే తెలిసి ఇచ్చిన ఒప్పుకోలు, అనరు. ఏం చేస్తున్నరు, ఎందుకు, రిస్క్ ఏంది, వేరే దారి ఉందా, ఇవన్నీ పేషెంట్‌కు సమజయ్యేటట్టు చెప్పాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులోనే తేల్చింది, టెస్టుకు ఒప్పుకున్నంత మాత్రాన ట్రీట్‌మెంట్‌కు ఒప్పుకున్నట్టు కాదని కూడా చెప్పింది. లంబాడీ మాట్లాడే మనిషికి ఇంగ్లీషు కాగితం ఇస్తే ఏం చెప్పినట్టు?

సీటీ వద్దని మేం అనడం లేదు. హైవే మీద తలకు దెబ్బ తగిలినోళ్లకు అది ప్రాణం నిలబెడుతుంది. కానీ ఛాతీ ఎక్స్‌రేకు రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్ట్ అయితే కడుపు సీటీకి 8, 10 దాకా పోతది, అందుకే అవసరం ఉందా అనే ప్రశ్న ముందుగాల రావాలె. ఫలానా సెంటర్‌లోనే తీయించుకో అని పంపి కమీషన్ తీసుకోవడం 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్స్ ప్రకారమే తప్పు. పేషెంట్ అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని కూడా అవే రూల్స్ చెప్తున్నయి, మన దగ్గర ఎంతమందికి ఈ ముక్క తెలుసు?

ఇంకోటి మమ్మల్ని మరీ బాధపెడుతుంది. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తో వంగిపోయిన మనుషుల ఫొటోలు దేశమంతా చూసింది, మా లాంటి పేపర్లు కూడా వేసినయి, వాళ్లను అడిగి వేసినమా అంటే అన్నిసార్లూ అవునని చెప్పలేం. ఇప్పుడు పేరు, వయసు కనపడే స్కాన్ ఫిల్మ్‌నే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తున్నరు. గర్భిణి స్కాన్‌లో పుట్టబోయేది ఆడో మగో మాటతో కాదు, సైగతో చెప్పినా 1994 చట్టం కింద జైలే, అంత గట్టి చట్టం ఒక్క విషయానికి ఉంది కదా, మిగతా ఫిల్ములకు కనీసం ఫోన్‌లో పెట్టొద్దన్న కట్టడి సెంటర్లే పెట్టుకోవాలె.

జిల్లా వైద్య అధికారులను మేం కోరేది ఇదే, ప్రతి సెంటర్‌లో తెలుగు కన్సెంట్ ఫారం ఉండాలె, తండాల నుంచి వచ్చినోళ్లకు లంబాడీలో చదివి చెప్పే మనిషి ఉండాలె. అదేం పెద్ద ఖర్చు కాదు. ఆ రోజు ఊడ్చే ఆమె లంబాడీ మనిషే, ఆమెను పిలిచి చెప్పిస్తే పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది, సూది లేకుండ తీయరాదా అని. టెక్నీషియన్ డాక్టర్‌కు ఫోన్ చేసిండు, ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూద్దామన్నరు.