హోల్‌స్టర్ ఎంత ఫాస్టన్నది తర్వాత, ముందు గన్ అందులో నిలుస్తుందా?

మన డాలస్ షూటింగ్ బ్యాచ్‌లో కొత్తగా చేరిన ప్రతివాడూ అడిగేది ఒకటే: "అన్నా, అన్నిట్లోకీ ఫాస్ట్ హోల్‌స్టర్ ఏది?" హోల్‌స్టర్ అంటే నడుం బెల్టుకి తగిలించుకునే గన్ ఒర. పరిగెత్తితే గన్ అందులోంచి జారిపోదు కదా అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా.

ముందు లెక్క చూడండి. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో కదులుతూ టార్గెట్లు కాల్చే పోటీలు నడిపే సంఘం) మ్యాచ్‌లో వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు, వచ్చేదే హిట్ ఫ్యాక్టర్. ప్రొడక్షన్ డివిజన్‌లో (పెద్దగా మార్పులు చేయని గన్‌ల వర్గం) 24 రౌండ్ల స్టేజ్, అంటే మ్యాచ్‌లో ఒక అంకం. అన్నీ ఆల్ఫాలే (టార్గెట్ నడిమధ్య దెబ్బ, 5 పాయింట్లు) పడితే 120 పాయింట్లు. 20 సెకన్లలో ముగిస్తే హిట్ ఫ్యాక్టర్ 6. కొత్త హోల్‌స్టర్‌తో డ్రాలో, అంటే గన్ బయటికి తీయడంలో, 0.2 సెకన్లు మిగిలాయనుకుందాం, 6.06. ఆ తొందరలో ఒక్క ఆల్ఫా కాస్తా చార్లీ (కాస్త పక్కకి పడిన దెబ్బ, 3 పాయింట్లు) అయిందా, 5.96. డబ్బులు పోసి కిందకి దిగారన్నమాట. అదే స్టేజ్ మధ్యలో గన్ కింద పడితే డీక్యూ, అంటే పోటీ నుంచి ఔట్. ఆ ఒక్క స్టేజ్‌కే కాదు, మ్యాచ్ మొత్తానికీ. బ్యాగ్ సర్దుకోవడమే.

స్టేజ్‌ల మధ్య, టార్గెట్లలో కన్నాల మీద స్టిక్కర్లు అంటించడానికి వంగినప్పుడు కూడా గన్‌లు పడుతుంటాయి. అప్పుడు గన్ ఖాళీగానే ఉంటుంది కాబట్టి, ముట్టుకోకుండా రేంజ్ ఆఫీసర్‌ని (స్టేజ్ నడిపే అధికారిని) పిలిస్తే గండం గడిచినట్టే. కానీ మన చెయ్యి ఊరుకుంటుందా? గబుక్కున తీసేస్తాం. తీశామా, డీక్యూ.

ఇంకో బాపతు వాళ్లున్నారు. సెక్యూర్ అనగానే పోలీసుల హోల్‌స్టర్, పైన హుడ్డూ రెండు లాక్‌లూ. అయ్యా, ఇక్కడ మీ గన్ లాక్కునేవాడెవడూ లేడు! బొటనవేలితో విడిపించే లాక్ ఒకటుంటే నాకు అభ్యంతరం లేదు. ట్రిగ్గర్ వేలితో బటన్ నొక్కేవి మాత్రం ఫ్రీగా ఇచ్చినా వద్దు. నొక్కుతున్న వేలు, గన్ బయటికి రాగానే నేరుగా ట్రిగ్గర్ మీదకి పోవచ్చు. చాలా రేంజ్‌లు వాటిని రానివ్వకపోవడానికి కారణం అదే.

నా ఓటు మీ గన్ మోడల్‌కే అచ్చు పోసిన కైడెక్స్‌ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్‌కి. లైట్ బిగించిన గన్ కోసం చేసింది లైట్ లేని గన్‌ని సరిగా పట్టుకోదు, అది చూసుకోండి. "అన్ని గన్‌లకీ సరిపోతుంది" అనే నైలాన్ సంచులు దేనికీ సరిపోవు. గన్ తీయగానే మూతి ముడుచుకుపోతుంది, తిరిగి పెట్టేటప్పుడు ఆ గుడ్డ ట్రిగ్గర్ గార్డ్‌లో దూరుతుంది.

కైడెక్స్‌లో పట్టంతా ట్రిగ్గర్ గార్డ్ దగ్గరి స్క్రూలదే. వాటి మధ్య చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. గన్ దించితే 'టక్' మనేదాకా బిగించండి. తర్వాత స్క్రూ తల మీంచి హోల్‌స్టర్ దాకా నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి (ఇంట్లో అడిగే తీసుకోండి). గీత విరిగిందంటే స్క్రూ వదులైనట్టే. ఖాళీ గన్, రెండుసార్లు చూసుకుని మరీ, హోల్‌స్టర్‌లో పెట్టి మంచం మీద తలకిందులుగా ఊపండి. పడకూడదు. అలాగని లాగితే బెల్టుతో సహా పైకి లేవకూడదు. లేస్తే స్క్రూలు మరీ బిగిశాయో, తప్పు బెల్టుదో చూసుకోండి.

అసలు ప్రమాదం తీసేటప్పటికన్నా పెట్టేటప్పుడే ఎక్కువ. రేంజ్ ఆఫీసర్ "మేక్ రెడీ" (సిద్ధమవ్వండి) అన్నాక లోడ్ చేసిన గన్‌ని లోపలికి దించే ఆ క్షణంలో టైమర్ నడవదు. టీషర్ట్ అంచు పక్కకి లాగండి, కళ్లతో చూస్తూ పెట్టండి. అక్కడెందుకురా హడావిడి?

ఇండియా నుంచి అడిగే తమ్ముళ్లకి: మన హైదరాబాద్ ఈషా సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన 25 మీటర్ల పిస్టల్‌లో హోల్‌స్టరే ఉండదు. ఆ దారిలో వెళ్లేవాళ్లు దీని మీద రూపాయి కూడా పెట్టక్కర్లేదు.

ఇక్కడివాళ్లు శనివారం మ్యాచ్‌కి కాస్త ముందే రండి, సేఫ్టీ టేబుల్ (ఖాళీ గన్‌ని బయటికి తీసి చూసుకునే చోటు) దగ్గర మీ హోల్‌స్టర్లు చూద్దాం. బుల్లెట్లు మాత్రం బ్యాగ్‌లోనే ఉండాలి, ఆ టేబుల్ దగ్గర వాటిని ముట్టుకున్నా డీక్యూయే.