నొప్పి లేని గడ్డ

రొమ్ము క్యాన్సర్ మీద మీ వ్యాసం చదివాను. 40 దాటితే మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) చేయించుకోమన్నారు, బాగానే ఉంది. మా ఊరి నుంచి ఆ మిషన్ ఉన్న చోటికి 70 కిలోమీటర్లు.

మా పిన్నికి స్నానం చేస్తుంటే చంక దగ్గర శనగగింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకుంది. కోతలయ్యాక చూద్దామంది, తర్వాత అమ్మాయి పెళ్లయ్యాక అంది. ఎనిమిది నెలలు! జాకెట్టు ఒకవైపు బిగుతవుతోందని టైలర్ దగ్గరికైతే వెళ్లింది. మొదట్లో ఈ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదన్న ముక్క మీరు పెద్ద అక్షరాల్లో రాయాల్సింది. బయాప్సీ చేస్తే, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, జబ్బు పాకుతుందని మా పెద్దత్త ఇంకో భయం పెట్టింది, అదీ అబద్ధమే.

ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్లు చేసిన అధ్యయనం సంగతీ చెప్పాల్సింది. లక్షన్నర మంది ఆడవాళ్లు. వాళ్లలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి రొమ్ముల్ని చేత్తో తడిమి చూశారు, మిషన్లేమీ లేవు. 50 దాటినవాళ్లలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

30 దాటినవాళ్లకు ఈ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మా దగ్గర బీపీ, షుగర్ చూసి వెళ్లిపోతారు. అడిగితే "తలుపేసుకునే గది ఏదమ్మా?" అన్నారు. అదీ నిజమేలెండి.

పిన్నికి ఆపరేషన్, కీమో అయ్యాయి, జుట్టు మళ్లీ వచ్చింది. ఇప్పుడు డ్వాక్రా మీటింగులో అప్పుల లెక్క మొదలవకముందే "అందరూ చూసుకున్నారా?" అని అడుగుతోంది.