వచ్చినవాళ్లు మళ్లీ వస్తున్నారా?

పోస్ట్ వైరల్ అయిన మర్నాడు సొంత సైట్ నడిపేవాళ్లతో మాట్లాడితే ఆ సంతోషం గొంతులోనే తెలిసిపోతుంది. రోజూ వందల్లో ఉండే అంకె వేలల్లోకి వెళ్లి ఉంటుంది. ఎంతమంది వచ్చారో చూపించే అనలిటిక్స్‌ను గంటకోసారి తెరిచి చూసుకుంటారు. ఇలాగే నెలంతా సాగితే యాడ్స్ మీద ఎంత వస్తుందో లెక్క కూడా వేసేసుకుంటారు. నాలుగో రోజుకు గ్రాఫ్ మళ్లీ పాత చోటికే దిగిపోతుంది. ఆ లెక్కలు నేనూ వేసుకున్నాను.

ఆ నాలుగు రోజుల్లో వచ్చినవాళ్లలో ఎంతమంది రెండోసారి వచ్చారన్న ప్రశ్న అప్పట్లో నాకు తట్టనే లేదు. సోషల్ మీడియా నుంచి వచ్చే జనంతో ఒక చిన్న సైట్‌ను పెంచి, దాని మీద నాలుగు రాళ్లు సంపాదించాలనుకునే ఎవరైనా మొదట చూసుకోవాల్సిన అంకె అదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. రీచ్ (పోస్ట్ ఎంతమందికి కనపడిందన్న అంకె), లైకులు, షేర్లు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి ప్లాట్‌ఫామ్ చూపించే అంకెలు. వాటిని పెంచేదీ తగ్గించేదీ ఆ ప్లాట్‌ఫామే.

ఎంత తగ్గించగలదో చెప్పడానికి పాత ఉదాహరణలు చాలు. అప్‌వర్తీ అనే సైట్ 2012 మార్చిలో మొదలైంది. మనసుకు హత్తుకునే వీడియోలు, ఊరించే హెడ్డింగులు, ఫేస్‌బుక్ షేర్లు: ఇదే దాని బలం. 2013 నవంబరుకల్లా నెలకు 8 కోట్ల మందికి పైగా చూసే సైట్ అయింది. ఆ డిసెంబరులో ఫేస్‌బుక్ తన న్యూస్‌ఫీడ్ పద్ధతి మార్చింది. 2014 జనవరికి ఆ ట్రాఫిక్‌లో దాదాపు సగం పోయింది. తర్వాత అలాగే ఫేస్‌బుక్ జనం మీద ఆధారపడ్డ లిటిల్‌థింగ్స్ అనే సైట్ వంతు వచ్చింది. 2018 జనవరిలో జుకర్‌బర్గ్, ఇకపై ఫీడ్‌లో స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకే పెద్దపీట వేస్తామని ప్రకటించారు. ఆ ఫిబ్రవరి చివరికే లిటిల్‌థింగ్స్ మూతపడింది. డబ్బు పెట్టకుండా వచ్చే తమ ట్రాఫిక్‌లో సుమారు 75 శాతం పోయిందని ఆ సంస్థే చెప్పుకుంది. ఆ రెండు నెలల్లో వాళ్ల రాతలేమీ పాడైపోలేదు. జనం వచ్చే దారి మూసుకుపోయిందంతే, పాఠకులకు ఇంకో దారి తెలియదు.

ప్లాట్‌ఫామ్‌ను తిట్టుకుని లాభం లేదు. మనిషి ఎంతసేపు తమ యాప్‌లో ఉంటే వాళ్లకు అంత ఆదాయం. మన లింక్ ఆ మనిషిని బయటికి తీసుకుపోతుంది. అందుకే ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ కింద పెట్టిన లింక్ నొక్కితే పనిచేయదు, అందరూ "లింక్ బయోలో ఉంది" అని రాసుకోవాల్సి వస్తుంది. స్టోరీలో లింక్ పెట్టే వీలు కూడా 2021 అక్టోబరులో గానీ అందరికీ రాలేదు. ఎక్స్ (పాత ట్విటర్) అయితే 2023 అక్టోబరులో లింకుల కింద కనిపించే హెడ్డింగులనే తీసేసింది, తర్వాత మళ్లీ తెచ్చింది. పిన్‌టరెస్ట్ మాత్రం కొంచెం వేరు. అక్కడ జనం వెతుక్కుంటూ వస్తారు కాబట్టి ఒక పిన్ (అక్కడి పోస్ట్) నెలల తరబడి మనుషుల్ని పంపిస్తూనే ఉంటుంది. రెడిట్‌లో ముందు పదిమందికి జవాబులు చెప్పి మంచి పేరు తెచ్చుకుంటే తప్ప మన లింక్‌ను ఎవరూ సహించరు, అది న్యాయమే కూడా.

నాది పాత ఫిల్మ్ కెమెరాల సైట్. 1960లు, 70ల నాటి కెమెరాల్లో చాలావాటికి లైట్ మీటర్ (వెలుతురు ఎంతుందో కొలిచేది) సరిగ్గా పనిచేయాలంటే 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ కావాలి. పాదరసం విషం కాబట్టి వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అదే సైజులో దొరికే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు ఇస్తుంది. దాంతో చాలా కెమెరాల్లో మీటర్ తప్పు చూపిస్తుంది. వినికిడి యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ బ్యాటరీని చిన్న రింగులో బిగించి పెడితే వోల్టేజీ దాదాపు సరిపోతుంది. ఈ సంగతి మీద నేను రెండు రకాల పోస్టులు పెట్టి చూశాను. మొదటిదాంట్లో కిటికీ దగ్గర, ఉదయపు ఎండలో మెరిసిపోతున్న కెమెరా ఫొటో. లైకులే లైకులు. రెండోదాంట్లో ఒకే దృశ్యం, ఒకే కెమెరాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన: ఒకటి చీకటిగా, ఇంకొకటి సరిగ్గా. కింద "బ్యాటరీ ఒక్కటే తేడా" అన్న మాట. దీనికి లైకులు చాలా తక్కువ. కానీ లింక్ నొక్కి వచ్చినవాళ్లు పేజీ చివరిదాకా చదివారు. అక్కడినుంచి షట్టర్ మీద రాసిన పేజీకి వెళ్లారు. కొందరు వారం తర్వాత మళ్లీ వచ్చారు.

మొదటి పోస్ట్ చూసినవాళ్లకు ఫొటో నచ్చింది, అక్కడితో వాళ్ల పని అయిపోయింది. రెండోదాన్ని నొక్కినవాళ్ల చేతిలో ఆ కెమెరా ఉంది, అది వాళ్లను ఇబ్బంది పెడుతోంది. గూగుల్‌లో వెతుక్కుని వచ్చే మనిషికీ, ఫీడ్‌లో వేలితో తోసుకుంటూ పోతున్న మనిషికీ ఉన్న తేడా ఇదే. ఒకరికి ముందే అవసరం ఉంది. ఇంకొకరికి మనం దాన్ని గుర్తుచేయాలి. చిన్న అంశం మీద రాసే నిచ్ సైట్‌కు ఇక్కడ పెద్ద సైట్లకు లేని వీలుంది: ఎవరి ఇబ్బంది ఏమిటో మనకు ముందే తెలుసు. పోస్ట్‌ను అందరి కోసం తయారుచేస్తే ఆ వీలు పోతుంది.

అలా వచ్చినవాళ్లకు పేజీలో ఏం కనిపిస్తోందో చాలామంది పట్టించుకోరు. పోస్ట్ మీద రెండు గంటలు కూర్చుంటారు, పేజీ మీద పది నిమిషాలు కూడా పెట్టరు. మీ ఫోన్‌లో మీ లింక్‌ను మీరే ఒకసారి నొక్కి చూడండి. పేజీ మామూలు బ్రౌజర్‌లో తెరుచుకోదు, ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ముందు కుకీల నోటీసు, దాని మీద న్యూస్‌లెటర్ పాపప్, అడుగున అతుక్కుని ఉన్న యాడ్, అప్పుడు మొదటి పేరా. దారిన పోతూ తొంగిచూసిన మనిషిని గుమ్మంలోనే డబ్బులడిగితే లోపలికి ఎందుకొస్తాడు? ఇంకో చిక్కు కూడా ఉంది. మీ అఫిలియేట్ లింక్ (దాని ద్వారా ఎవరైనా కొంటే మనకు కమీషన్ వచ్చే షాపు లింక్) నొక్కితే షాపు కూడా చాలాసార్లు అదే లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అక్కడ అతను లాగిన్ అయి ఉండడు, పాస్‌వర్డ్ గుర్తుండదు. "తర్వాత చూద్దాంలే" అనుకుని రాత్రికి తన మామూలు బ్రౌజర్‌లో కొనుక్కుంటాడు. ఆ కమీషన్ మనకు రాదు. మన రాత చదివే కొన్నాడన్న సంగతి మన లెక్కల్లో ఎక్కడా కనపడదు.

ఇక యాడ్స్ సంగతి. మన సైట్‌లో యాడ్స్ చూపించి మనకు డబ్బు చెల్లించే గూగుల్ యాడ్‌సెన్స్ 2003 నుంచి ఉంది. క్లిక్‌కు ఇంత అనే పద్ధతి నుంచి యాడ్ కనపడినందుకు ఇంత అనే పద్ధతికి మారుతున్నట్టు 2023 నవంబరులో ప్రకటించింది. కింద ఉన్న యాడ్స్ కిందిదాకా చదివినవాళ్లకే కనపడతాయి కాబట్టి, పైన చూసి వెళ్లిపోయే వెయ్యి మంది కంటే నాలుగు పేజీలు తిరిగే రెండు వందల మంది ఎక్కువ ఇవ్వగలరు. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా చెల్లింపు లేదు, చిన్న సైట్లకు దానికే నెలలు పడుతుంది. మెరుగ్గా చెల్లించే మీడియావైన్ లాంటి యాడ్ సంస్థలో చేరాలంటే చాలాకాలం పాటు నెలకు 50,000 సెషన్లు (సైట్‌కు వచ్చిన సందర్శనలు) ఉండాల్సి వచ్చేది. ఆ అంకె కోసం ట్రాఫిక్ కొనుక్కునేవాళ్లున్నారు. దొంగ ట్రాఫిక్ బయటపడితే యాడ్ ఖాతా పోతుంది. దయచేసి ఆ దారి తొక్కకండి.

నిచ్ సైట్‌కు యాడ్స్ కంటే అఫిలియేట్ కమీషన్లు నయమని నా అభిప్రాయం, కానీ వాటినీ గుడ్డిగా నమ్ముకోలేం. అమెజాన్ లింక్ నొక్కిన 24 గంటల్లోపు కొనుక్కుంటేనే సాధారణంగా కమీషన్ వస్తుంది. 2020 ఏప్రిల్‌లో ఆ సంస్థ రేట్లు కోసేసినప్పుడు ఫర్నిచర్ మీద 8 శాతం ఉన్నది 3 శాతానికి పడిపోయింది. అయినా ఈ దారిలో గట్టిగా నిలబడ్డవాళ్లున్నారు. బ్రయాన్ లామ్ 2011లో మొదలుపెట్టిన వైర్‌కట్టర్ అనే సైట్‌లో రోజుకు పది పోస్టుల హడావుడి ఉండేది కాదు. ఒక వస్తువు గురించి వారాల తరబడి పరీక్షించి, "ఇది కొనండి" అని తేల్చి చెప్పేవారు. 2016లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని సుమారు 3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. చదివినవాళ్ల నమ్మకానికే అంత విలువ వచ్చింది. లింక్ మీద మనకు కమీషన్ వస్తుందన్న మాట పేజీలో దాచకుండా చెప్పడం కూడా ఆ నమ్మకంలో భాగమే.

ఆ నమ్మకం నిలవాలంటే పాఠకుడికీ మనకూ మధ్య ప్లాట్‌ఫామ్ లేని దారి ఒకటి ఉండాలి. నాకు తెలిసినంతలో ఈమెయిల్‌ను మించింది లేదు. "మా న్యూస్‌లెటర్‌కు సబ్‌స్క్రైబ్ చేయండి" అని పాపప్‌లో అడిగినన్నాళ్లూ నా జాబితా కదల్లేదు. దాన్ని తీసేసి, బ్యాటరీ పేజీ చివర "ఏ కెమెరాకు ఏ బ్యాటరీ సరిపోతుందో ఒక పట్టిక ఉంది, ఈమెయిల్ ఇస్తే పంపిస్తాను" అని ఒక్క ముక్క రాశాను. చివరిదాకా చదివినవాళ్లే అడుగుతారు, అలాంటివాళ్లే కావాలి. ఎంతమంది మెయిల్ తెరిచారన్న అంకెను ఎక్కువ పట్టించుకోకండి. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన ప్రైవసీ మార్పు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు నమోదవుతుంది. ఎంతమంది జవాబు రాశారో చూడండి.

గూగుల్‌ను నమ్ముకుంటే సరిపోతుంది కదా, ఈ గొడవంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. 2023 సెప్టెంబరులో గూగుల్ తన సెర్చ్‌లో చేసిన అప్‌డేట్ తర్వాత ఎన్నో చిన్న సైట్లు ఫలితాల్లో ఒక్కసారిగా వెనక్కి పోయాయి. వాటిలో నిజాయితీగా, సొంత అనుభవంతో రాసేవాళ్లవీ ఉన్నాయి. అందుకే సోషల్ మీడియాను వదిలేయమని నేను అనను. కొత్త మనుషులు మనల్ని మొదటిసారి చూసేది అక్కడే.

నా సైట్‌లో ఇవాళ ఎక్కువమంది వెతుక్కుంటూ వచ్చే పేజీ ఒక పాఠకుడి మెయిల్ నుంచి పుట్టింది. పట్టిక అందుకున్నాక ఆయన ఒక్క వాక్యం రాశారు: కెమెరా వెనక తలుపు చుట్టూ ఉన్న నల్లటి ఫోమ్ జిగురులా కరిగి వేళ్లకు అంటుకుంటోంది, దేనితో తుడవాలి? వెలుతురు లోపలికి పోకుండా ఆపే ఆ ఫోమ్ ఏళ్లు గడిస్తే అలాగే అయిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో గాడి అంతా ఎలా శుభ్రం చేయాలో, కొత్త ఫోమ్ ఎలా కత్తిరించి అతికించాలో ఫొటోలతో రాసి, ముందుగా ఆయనకే పంపించాను. రెండు వారాల తర్వాత ఆయన ఆ కెమెరాతో తీసిన మొదటి రోల్ పంపించారు. 36 ఫొటోల్లో ఎక్కడా వెలుతురు మరక లేదు.