కడుపు చల్లగుండ

ఉగాది నాడు మా అమ్మాయి నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు, ఆ రోజు మనసుకు హాయినిచ్చిన మూడు విషయాలను అందులో రాసుకోవాలని, అలా రాస్తూ పోతే లేనిదాని గురించిన దిగులు తగ్గి ఉన్నదాని విలువ తెలుస్తుందని చెప్పింది. బిడ్డ ప్రేమతో చెప్పిన మాట గనుక శ్రద్ధగా పాటించాను, పాటించినందుకు నాకు మేలే జరిగింది. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన తరువాత రోజులన్నీ ఒకే తీరుగా గడిచిపోతున్నాయని బెంగపడే నాకు, తెల్లవారుజామున గాలిలో తేలివచ్చే వేపపూల వాసన, కొత్త రంజనులో నీళ్లు తాగినప్పుడు నాలుకకు తగిలే మట్టి రుచి, మధ్యాహ్నం పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఒంటికి సోకే ఫ్యాను గాలి, ఇవన్నీ వేటికవి విడిగా కనిపించసాగాయి. కాబట్టి ఆ అలవాటును తప్పుపట్టడానికి ఈ పోస్టు రాయడం లేదు. అందులో నాకు కనిపించిన ఒక పెద్ద లోటు గురించి రాస్తున్నాను.

ఇటీవల ఏప్రిల్ నెలాఖరు పేజీలు తిరగేస్తుంటే ఒకచోట ఇలా ఉంది: "ముంజలు తిన్నాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. హాయి." అంతే. తిన్నది నేను, చల్లబడింది నా కడుపు, హాయి నాది. మిగతా పేజీలు కూడా మొదటి నుంచి చదివాను. అంత పుస్తకంలో నేను తప్ప మరో మనిషి దాదాపుగా లేడు. రంజను చేసిన కుమ్మరి లేడు, కరెంటు తీగ సరిచేయడానికి ఎర్రటి ఎండలో స్తంభమెక్కిన లైన్‌మన్ లేడు. కృతజ్ఞత పేరుతో రాసుకుంటున్న పుస్తకంలో కృతజ్ఞత చెప్పవలసిన వాళ్లెవరూ లేరని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ముంజల రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు నేను బేరమాడాను. సూర్యాపేటలో బంధువుల ఇంట పెళ్లి చూసుకొని హైదరాబాదుకు తిరిగి వస్తున్నాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ పొడవునా వేసవిలో ముంజల గెలలు కుప్పపోసుకొని కూర్చునేవాళ్లు కనిపిస్తారని ఆ దారిన తిరిగేవారికి తెలుసు. చిట్యాల దాటాక ఒక వేపచెట్టు నీడన కారు ఆపాం. నలభై అయిదేళ్ల మనిషి ఒకరు, కత్తితో కాయ నెత్తి మీద ఒక్క వేటు వేసి, మూడు కళ్లూ బయటపడేలా చెక్కి, ముంజ చిట్లకుండా బొటనవేలితో పెకలించి తీస్తున్నాడు. డజను నూట ఇరవై అన్నాడు. వంద చేసుకోమన్నాను. అతడు కోపగించుకోలేదు. "సారూ, గెల కోసి కింద పడేస్తే సగం పగిలిపోతయి. పగ్గం కట్టి మెల్లగ దింపాలె. ఎక్కుడు ఒక ఎత్తు, దింపుడు ఒక ఎత్తు" అని మాత్రం చెప్పి, వందకే ఇచ్చేశాడు. ఇస్తూ ముందుకు వంగినప్పుడు, గుండీలు పెట్టని చొక్కాలోంచి అతని ఛాతీ కనిపించింది. ఛాతీ మీద, ముంజేతుల లోపలి వైపు, చర్మం నల్లబడి, తోలు చెప్పు అడుగులా మొద్దుబారి ఉంది. తాటిమానును కావలించుకొని ఎక్కీ ఎక్కీ కాచిన కాయలవి. చూశాను, డబ్బిచ్చాను, కారెక్కాను. రాత్రి పుస్తకంలో హాయి అని రాసుకున్నాను. మిగిలిన ఆ ఇరవై రూపాయలతో ఏం కొన్నానో నాకు గుర్తు లేదు. ఆ ఛాతీ మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ముంజ నోట్లో వేసుకునే మనలో తాడు, అంటే తాటిచెట్టు, ఎక్కడం దగ్గర నుంచి చూసినవాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? బాగా ఎదిగిన తాడు అరవై, డెబ్బై అడుగుల ఎత్తుంటుంది. పట్టుకోవడానికి కొమ్మ ఉండదు, కాలు మోపడానికి మెట్టు ఉండదు. ఎక్కేవాడు నడుమునూ మానునూ కలిపి మోకు చుట్టుకొని, పాదాలకు బంధం తగిలించుకొని, మోకును కొంచెం కొంచెంగా పైకి జరుపుకుంటూ, ఒంటి బరువును మానుకు ఆనించి లేస్తాడు. పైకి చేరాక తాటిమట్టల అంచులు రంపపు పళ్లలా కోసుకుంటాయి. వాటి నడుమ తల దూర్చి, ఒక చేత్తో పట్టు నిలుపుకొని, రెండో చేత్తో గెల కోసి, అది కింద పడకుండా పగ్గంతో దింపాలి. మోకు తెగినా, కాలు జారినా ఆపేది ఏదీ ఉండదు. తాటిచెట్టు మీద నుంచి పడి గీత కార్మికుడు మృతి అన్న వార్త జిల్లా పేజీల్లో ఎంత తరచుగా వస్తుందంటే, దాన్ని చదవకుండానే పేజీ తిప్పడం మనకు అలవాటైపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో, గీత కార్మికులు కొలిచే దేవుడు కాటమయ్య పేరుతో, వాళ్లకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. తరతరాలుగా ఎక్కుతున్న చెట్టుకు పట్టీ, కొక్కెం ఇవ్వడానికి మనకు ఇంతకాలం ఎందుకు పట్టిందన్న బాధ మాత్రం నాకు ఉంది.

"తాడెక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోయగలం?" అని మన సామెత. సాయం చేయడానికీ ఒక హద్దుంటుందని చెప్పడానికి దాన్ని వాడతారు. కింద నిలబడ్డవాడు చెయ్యందినంత వరకే ఆసరా ఇవ్వగలడు, ఆపైన ఎక్కేవాడిది ఒంటరి ప్రయాణం. నాకు ఇప్పుడు ఆ సామెత ఇంకో రకంగా వినిపిస్తోంది. చెయ్యందినంత వరకైనా ఎగదోశామా అని అది నన్ను అడుగుతోంది. ఇరవై రూపాయల బేరం దగ్గర నా చెయ్యి అందుతుంది, అయినా అక్కడ నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కృతజ్ఞత అన్న మాటను విడదీసి చూడండి. కృతం అంటే చేసినది, దాన్ని ఎరిగినవాడు కృతజ్ఞుడు. హాయిగా అనిపించడం గురించి ఆ మాటలో ఏమీ లేదు, ఒకరు చేసినదాన్ని ఎరిగి ఉండటం గురించే ఉంది. అది సంస్కృతం నుంచి వచ్చిన పుస్తకాల మాట. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడగా నేను వినలేదు, థాంక్స్ అన్నది ఆ తరువాత ఎప్పుడో వచ్చింది. మా అమ్మ మజ్జిగ తాగిన చోట, నీడ దొరికిన చోట, బస్సులో ఎవరైనా సీటు ఇచ్చిన చోట ఒకే మాట అనేది: "నీ కడుపు చల్లగుండ." రెంటచింతలలో ఎంత, రామగుండంలో ఎంత అని ఎండల లెక్క వార్తల్లో వినే నేల మనది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మనది. ఇలాంటి చోట పుట్టిన భాష దీవెనను వెచ్చదనంతో ఎందుకు చెబుతుంది? చల్లగా ఉండు నాయనా అంటాం, చల్లని తల్లి అంటాం, మీ చలవ వల్ల పని జరిగింది అంటాం. దారిన పోయేవాడి కోసం నీళ్లు పెట్టిన పందిరిని చలివేంద్రం అంటాం. నాకు దక్కిన చలువ నీకూ దక్కాలని, తీసుకున్న చోటే, ఆ మనిషి ముఖం చూసి తిరిగి ఇచ్చే మాట అది. నా నోటుపుస్తకంలో లేనిది సరిగ్గా అదే. చలువ నా దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

ముంజ గురించి ఇంత రాయడానికి మరో కారణం కూడా ఉంది. చిన్న సంతోషం అని మనం పిలిచే దానికి వెనక ఎంత కాలం ఉంటుందో తెలుసుకోవడానికి తాటిచెట్టు కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. నాటిన టెంక కాపుకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లకు పైగా పడుతుంది. వచ్చినా పెంటితాడు అయితేనే కాయ, పోతుతాడు కాయ కాయదు, నాటేటప్పుడు ఏది ఏదో తెలియదు. అంటే ఈ రోజు నేను తింటున్న ముంజ ఎవరో తన కోసం కాకుండా నాటినది, లేదా ఎవరూ నాటకుండా గట్టు మీద మొలిస్తే కొట్టివేయకుండా వదిలినది. ముంజ అనేది ఆ గింజ లోపలి పప్పు ఇంకా గట్టిపడని దశ. కొద్ది రోజులు ఆలస్యమైతే అది ముదిరి పంటికి లొంగదు. ఆ కొద్ది రోజుల్లో ఎవరో ఎక్కి, కోసి, ఎండలో కూర్చుంటేనే నా చేతికి వస్తుంది.

మా అత్తగారిది తణుకు దగ్గర పల్లె. వాళ్ల ఇంట్లో తాడు మీద ప్రేమ వేసవితో అయిపోదు. వానాకాలంలో రాలిన పండును పిసికి, ఆ పసుపుపచ్చని గుజ్జుతో తాటిరొట్టె కాల్చేవారు. టెంకలను పెరట్లో పాతర వేసేవారు. చలికాలానికి అవి మొలకెత్తి నేలలోకి దిగేవి, అవే తేగలు. తేగలు తవ్విన రోజున అత్తగారు ఒక్కొక్క టెంకనూ కత్తితో రెండు చెక్కలు చేసి, లోపల తెల్లగా ఉబ్బిన బుర్రగుంజును గోటితో తీసి పిల్లల చేతుల్లో పెట్టేవారు. మొలకకు తిండిగా టెంక దాచుకున్న పప్పే అలా మెత్తగా, తియ్యగా, స్పంజిలా మారుతుంది. కాల్చిన తేగను చీలిస్తే మధ్యలో సన్నగా కనిపించే లేత మొవ్వును చందమామ అనేవారు, దాని కోసం పిల్లలు పోట్లాడుకునేవారు. మా నల్లగొండ వైపు నాకు తెలిసిన సంబరం వేరు. ముంజలు జుర్రిన రెండు కాయలకు పుల్ల గుచ్చి చక్రాలు చేసి, పంగల కర్రతో బండిలా తోసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లం. బండి విరిగాక ఆ కాయలు బర్రెలకు మేతయ్యేవి. ఇన్ని సంతోషాలిచ్చిన చెట్టును మేం తలచుకునేవాళ్లం, దాన్ని ఎక్కిన గౌడన్నను మాత్రం పండుగలప్పుడు తప్ప తలచుకున్నట్టు నాకు గుర్తు లేదు. ఆ మరపు ఈనాటిది కాదని ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది.

ఈ విషయం మిత్రులతో చెప్పినప్పుడు ఇద్దరు రెండు రకాలుగా అడ్డు చెప్పారు. ప్రతి ముద్ద వెనకా ఎవరి కష్టమో తలచుకుంటూ కూర్చుంటే ఇక తిండి రుచిస్తుందా అని ఒకరు అడిగారు. రుచిస్తుంది, అంతకు ముందు కంటే ఎక్కువ రుచిస్తుంది. ఆ మనిషి మాటలు విన్న తరువాత, ముంజ మీది సన్నని వగరు పొరను ఒలిచి పారవేయడం మానేశాను, లోపలి నీళ్లు చిమ్మి ఒలికిపోకుండా నోట్లో పెట్టుకున్నాకే కొరుకుతున్నాను. దింపిన తీరు తెలిసిన వస్తువును మనిషి జాగ్రత్తగా తింటాడు, జాగ్రత్తగా తిన్నదానికి రుచి ఎక్కువ. అతనికి డబ్బు ఇస్తున్నాం కదా, ఇంకా ఋణం ఏమిటని రెండో మిత్రుడు అన్నాడు. నేను ముప్పై ఏళ్లు ఋణాల లెక్కలే రాశాను. కాయకు ధర ఉంది, అది చెల్లించాం. అరవై అడుగుల ఎత్తున ఒక చేతి పట్టు మీద వేలాడిన ఆ కొద్ది నిమిషాలకు ఏ ధరా లేదు, ఆ డజను నూట ఇరవైలో అది లేదు. దుకాణంలో అట్టపెట్టె మీద ముద్రించిన ధర చెల్లించి, రోడ్డు పక్క మనిషి దగ్గర మాత్రం ఇరవై తగ్గించమనే మనం ఆ లెక్క ఎప్పుడూ వేసుకోం.

మా అమ్మాయికి ఈ మాటలన్నీ చెప్పాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. కాసేపు ఊరుకుని, "అయితే నాన్నా, మూడు విషయాలు కాదు, ముగ్గురు మనుషులను రాయి" అంది. అప్పటి నుంచి అలాగే రాస్తున్నాను. ఒక్కో రాత్రి ముగ్గురు దొరకరు. దొరకని రోజున, ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని తెలుస్తుంది. మీరు కూడా ఇలాంటి పుస్తకం రాస్తుంటే, ఒక్క వారం ఈ పద్ధతిలో రాసి చూడమని కోరుతున్నాను. రాయాలంటే అడగాలి, అడగాలంటే ఆగాలి, ఆగితే బేరమాడటానికి నోరు రాదు.

నిన్నటి పేజీలో ఉన్నది ఇది. చిట్యాల దాటాక అదే వేపచెట్టు, అదే మనిషి. డజనున్నర, అడిగినంత ఇచ్చాను, ఏప్రిల్ నాటి ఇరవై కూడా కలిపి ఇచ్చాను. మొదట తీసుకోలేదు, సంగతి చెప్పాక తీసుకున్నాడు. పొద్దున ఆరు తాళ్లెక్కి వచ్చాడు. కుడి భుజం నిరుటి నుంచి నొప్పి. కొడుకు ఐటిఐ చదువుతున్నాడు, వాడికి తాడెక్కడం నేర్పలేదు, నేర్పడు. మృగశిర వచ్చి వాన పడితే మాను జారుతుంది గనుక అంతవరకే ముంజలు. కారెక్కబోతూ వెనక్కి తిరిగి, నీ కడుపు చల్లగుండ అన్నాను. కత్తి పక్కన పెట్టి తలెత్తి చూశాడు. "మా అవ్వ అంటుండె సారూ ఈ మాట" అన్నాడు.