దుమ్ము కాపాడుతున్న చెరువులు

మహారాష్ట్రలోని చంద్రపూర్ సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. చుట్టూ బొగ్గు గనులు, రాజురా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విడుదల చేసిన కాలుష్య తీవ్రత సూచీలో ఈ ప్రాంతానికి 83.88 మార్కులు, దేశంలో నాలుగో స్థానం. అయినా చాందా (చంద్రపూర్ పాత పేరు), బల్లార్షాల్లో తెలుగువాళ్లు దుమ్మును తిట్టుకున్నంతగా పొగలోని గంధకాన్ని, అంటే సల్ఫర్‌ను, తిట్టుకోరు. డాబా మీద ఆరేసిన బట్టలకు అంటేది దుమ్మే కదా!

ఇన్నాళ్లూ చెరువులకు కాపలాగా నిలబడింది కూడా ఆ దుమ్మే. పొగగొట్టం నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాల్లో ఆమ్లంగా మారి వానలో దిగుతుంది. మన దగ్గర ఎగిరే మట్టిలో, సిమెంటు పొడిలో ఉండే కాల్షియం ఆ ఆమ్లాన్ని దారిలోనే విరిచేస్తుంది. మిగిలింది నేలలోని సున్నపురాయి చూసుకుంటుంది. అందుకే ఇక్కడి మాల్గుజారీ (శిస్తు వసూలు చేసే భూస్వాముల) కాలపు చెరువులకు, అంటే జనం ‘మామా తలావ్’ అనే వాటికి, ఇప్పటి జబ్బులు పూడిక, డ్రైనేజీ నీళ్లే.

అంతమాత్రాన ధీమా పనికిరాదు. కెనడాలోని సడ్‌బరీలో నికెల్ కొలిమి పొగ ఊరిని కాల్చేస్తోందని 1972లో 381 మీటర్ల పొగగొట్టం కట్టారు. ఊళ్లో గాలి మెరుగుపడింది, ఆమ్లం దూరం ఊళ్ల మీద పడింది. ఆ ప్రాంతంలో ఏడు వేల దాకా సరస్సులు దెబ్బతిన్నాయి. ఉద్గారాలను తొంభై శాతానికి పైగా తగ్గించాకే నీళ్లు తేరుకున్నాయి. 1970ల్లో పీహెచ్ 4.3 దగ్గర ఉన్న క్లియర్‌వాటర్ సరస్సు 6 దాటడానికి దశాబ్దాలు పట్టింది. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది; ఒక్క అంకె తేడా అంటే ఆమ్లంలో పదింతల తేడా.

నీరు బాగుపడితే చేప వెంటనే వస్తుందనుకోవడం పొరపాటు. సడ్‌బరీ ఉన్న ఒంటారియో రాష్ట్రంలోనే 223వ నంబరు సరస్సును శాస్త్రవేత్తలు 1976 నుంచి కావాలనే కొద్దికొద్దిగా ఆమ్లీకరించారు. పెద్ద ట్రౌట్ చేపలు చావలేదు. వాటికి తిండి అయిన చిన్న చేపలు, రొయ్యలాంటి జీవులు ముందే పోయాయి. చివరికి ట్రౌట్‌లు ఎముకలు తేలి, తిండి లేక చిక్కిపోయాయి. పైపైన చూసేవాడికి మాత్రం సరస్సులో చేప ఉన్నట్టే! ఆమ్లం తగ్గించాక చేపలు మళ్లీ పిల్లలు పెట్టాయి. కానీ ఏళ్ల తరబడి ఆమ్లవానలో నానిన చోట్ల నేలలోని కాల్షియం కడుక్కుపోయింది. పీహెచ్ లేచినా, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కాల్షియం కూడా లేని నీళ్లలో డాఫ్నియా అనే చిన్న నీటి పురుగు పెంకు కట్టుకోలేకపోతోంది. స్వీడన్ 1970ల చివరి నుంచి వేల సరస్సుల్లో సున్నం చల్లుతూ వస్తోంది. చేపపిల్లలు వదిలే ముందు చెరువులో సున్నం చల్లడం మన మత్స్య సంఘాలకూ తెలిసిన పనే. అయితే పొగ ఆగేదాకా దాన్ని ఏటా చల్లుతూనే ఉండాలి.

మన విధానం అటూఇటూ కాకుండా ఉంది. 2015లో సల్ఫర్ పరిమితులు పెట్టి గడువు పొడిగిస్తూ పోయారు. 2025 జూలైలో దేశంలోని మెజారిటీ ప్లాంట్లను గంధకాన్ని తొలగించే యంత్రాల నుంచి మినహాయించారు. పొగగొట్టం ఎత్తు ఉంటే చాలన్నారు, అంటే మళ్లీ సడ్‌బరీ దారే. చంద్రపూర్ లాంటి తీవ్ర కాలుష్య ప్రాంతాల సంగతి విడివిడిగా తేలుస్తారు. మరోపక్క దుమ్మును పట్టే పని మాత్రం జోరుగా సాగుతోంది. ఊపిరితిత్తులకు అది అవసరమే, వద్దనను. కానీ దుమ్మును ఆపి గంధకాన్ని వదిలేస్తే చెరువుకున్న కాపలా తీసేసినట్టే. నీటిలో ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, అదే క్షారత, కరిగిపోతున్నంత కాలం పీహెచ్ పెద్దగా కదలదు, అది అయిపోయాక ఒక్కసారిగా పడుతుంది. కాబట్టి పీహెచ్ కాగితం ముంచి సరిపెట్టకుండా, మామా తలావ్‌ల క్షారతను ఇప్పుడే కొలిచి రాసిపెట్టాలి. జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్‌తో, అంటే ఆమ్లాన్ని చుక్కచుక్కగా కలిపి కొలవడంతో, అయ్యే పని అది.

గంధకాన్ని తొలగించే ఈ యంత్రాలకు కావాల్సిన సున్నపురాయిని తవ్వి దూరం నుంచి మోయాలన్నది మినహాయింపు కోరేవాళ్ల వాదన. చంద్రపూర్ విషయంలో అది చెల్లదు. సున్నపురాయి రాజురా పక్కనే ఉంది, యంత్రంలో తయారయ్యే జిప్సం కొనడానికి సిమెంటు ఫ్యాక్టరీలూ అక్కడే ఉన్నాయి.